తలతెగిన దారి

మా ఊళ్లో గోధుమలు కోతకొచ్చిన వారంలోనే తూర్పుగోడకు మళ్లీ కన్నం పడింది. తెల్లారగానే నాన్న ఆ కన్నంలోంచి సంతలో అమ్మే రొట్టెల బుట్టలు అవతలికి జరుపుతుంటే ఆ వైపు కాపలావాళ్లు వచ్చి వాటిని కాళ్లతో తన్నారు. ఆవిరి ఇంకా ఆరని తెల్లటి రొట్టెలు అవతల పచ్చికమీద దొర్లిపోయాయి. నాన్న ఒకడి చొక్కా పట్టుకుని కన్నంలోంచి ఇవతలికి లాగాడు. వాడి చెవి ఇటుక అంచుకు గీసుకుని రక్తం కారింది.

"మా ఊరి దారిలో నా రొట్టెలు తంతావా?"

"దారేంటి ముసలాయనా, ఇది మా తోట! వదులు!"

నాన్న వదల్లేదు. అవతలినుంచి ఎవరో లాఠీతో ఆయన వేళ్లమీద కొట్టాక వదిలాడు. సాయంత్రానికల్లా కన్నానికి సిమెంటు పూసి, తడిమీదే గాజుపెంకులు గుచ్చి వెళ్లారు.

మా ఊరు షాంగ్‌చ్వాంగ్‌కు ఉత్తరాన రైలుకట్ట, దక్షిణాన కంచె వేసిన పెద్ద రహదారి. తూర్పున మా పొలాలు ఉన్నచోట నగరం వచ్చి కూర్చుంది. ఇరవై ఏడంతస్తుల మేడలు, చుట్టూ ప్రహరీ, గేటు మీద బంగారు అక్షరాలతో 'నీలిసరస్సు రాచవనం' అని పేరు. సరస్సు మాత్రం లేదు. సంతకు, ఆసుపత్రికి, బస్సుకు మేం వెళ్లే దారి ఆ గోడ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇలా మధ్యలో ఆగిపోయిన దారిని మా దేశంలో తలతెగిన దారి అంటారు. ఆఫీసు కాగితాల్లో కూడా అదే మాట రాస్తారు. ఇక మాకు మిగిలింది పడమటి దారి ఒక్కటే. అటునుంచి సంతకు చుట్టూ తిరిగి వెళ్లాలంటే సగం పొద్దు పోతుంది.

ఫోన్లలోని మ్యాపులో మాత్రం మా దారికి తల ఇంకా ఉంది. తిండి పొట్లాలు తెచ్చే స్కూటర్ కుర్రాళ్లు దాన్ని నమ్మి గోడదాకా వచ్చి, మమ్మల్నీ మా తాతల్నీ కలిపి తిట్టి, పొట్లం గోడమీదుగా విసిరేసి పోయేవారు. నూడుల్స్ పులుసు నెత్తిన పడ్డ మనిషి కూడా ఉన్నాడు మా ఊళ్లో.

అన్నయ్య బావోల్యాంగ్ ఆ గోడకు అవతలే పనిచేసేవాడు. పొలాలు పోయిన ఇళ్లలో కుర్రాళ్లను కొందరిని కాలనీవాళ్లు కాపలాకు పెట్టుకున్నారు. ఆ రాత్రి వాడు నల్ల యూనిఫాంలోనే భోజనానికి కూర్చుంటే నాన్న వాపెక్కిన వేళ్లతో చాప్‌స్టిక్స్ పట్టుకోలేక కింద పడేశాడు.

"దొరగారు వచ్చారు. లేచి నిలబడండి అందరూ."

"నాన్నా, పొద్దున నేను డ్యూటీలో లేను."

"ఉంటే ఏం చేసేవాడివి? రొట్టెలు ఏరిపెట్టేవాడివా?"

"గోడకి కన్నాలు పొడిస్తే నా జీతంలో కోస్తున్నారు! అది తెలుసా నీకు?"

నాన్న గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాడు. పెంకు ఎగిరి అన్నయ్య గడ్డంమీద తగిలింది. వాడు తుడుచుకోలేదు.

"ఆపండిరా మీ గోల," అంది నానమ్మ మూలమంచం మీదనుంచి. "పళ్లు లేని నాకే మీ అరుపులకి పళ్లు జివ్వుమంటున్నాయి. నా మాటొకటి వినండి. నేను పోతే నన్ను పడమటి దారినే కదా మోసుకెళ్తారు? వచ్చేటప్పుడు మాత్రం తూర్పునుంచి రండి. వెళ్లిన దారినే వెనక్కొస్తే నేనూ మీ వెంటే వచ్చేస్తాను. మీ తాతను సాగనంపి తూర్పునుంచే వచ్చాం. ఆయన మళ్లీ కనపడలేదు. సుఖపడ్డాను."

నవ్వొచ్చింది కానీ ఎవరం నవ్వలేదు. పాడెతో వెళ్లిన దారిన వెనక్కి రాకూడదన్నది మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలా వస్తే పోయినవాళ్లు దారి తెలిసి ఇంటికి తిరిగొస్తారు. అటు చేరుకోలేరు, ఇటు ఉండలేరు.

"తూర్పున గోడ ఉందిగా అమ్మా," అన్నాడు నాన్న.

"గోడ దగ్గర నా మనవడు లేడూ?"

అన్నయ్య అప్పుడు గడ్డం తుడుచుకున్నాడు. "నేను తీసుకొస్తాలే నానమ్మా అందర్నీ. నువ్వు ముందు మందు మింగు."

వాడు మాటిచ్చాడు. నేను విన్నాను, నాన్నా విన్నాడు.

*

మా దారి దేనికీ పనికిరాకుండా పోలేదు. గోడదాకా వచ్చి ఆగిన ఆ తారురోడ్డు మీద గోధుమలు ఎండబోసేవాళ్లం. మర్నాడు మధ్యాహ్నం నానమ్మ పీటమీద కూర్చుని వెదురుకర్రతో పిచ్చుకల్ని తోలుతోంది. నేను చెక్కపారతో గింజలు తిరగేస్తున్నాను. కర్ర కిందపడ్డ చప్పుడైంది. తిరిగి చూస్తే నానమ్మ గోధుమల్లోకి పక్కకు ఒరిగిపోయి ఉంది. నోరు ఒకవైపుకు లాగేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

అంబులెన్సుకు ఫోన్ చేశాను. అది వచ్చింది. సైరన్ గోడకు అవతలినుంచి వినిపించింది.

దాని డ్రైవరు మ్యాపును నమ్మాడు. కాలనీ గేటు దగ్గర ఇటు దారి లేదు పొమ్మంటే వాదించి, తిట్టి, లోపలికి దూరి మా గోడదాకా వచ్చేశాడు. నేను నానమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సైరన్ మా పెరట్లో మోగుతున్నంత దగ్గర. కానీ మధ్యలో గోడ.

నాన్న సమ్మెట పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వాచిన వేళ్లతోనే కొట్టాడు. సిమెంటు పూసినచోట మొదటి దెబ్బకు గాజుపెంకులు ఎగిరి ఆయన ముఖమంతా చీరుకుపోయింది. ఇటుకపొడి గోధుమలమీద ఎర్రగా రాలింది. రక్తం కళ్లలోకి కారుతుంటే కళ్లు మూసుకునే కొట్టాడు. కన్నం పడింది. అందులోంచి అంబులెన్సులో వచ్చిన డాక్టరమ్మ ముఖం కనిపించింది.

"ఊపిరి ఉందా? ఏయ్ అమ్మాయీ! లేకపోతే ఛాతీ మీద నొక్కు, రెండు చేతులతో, గట్టిగా!"

నొక్కాను. నా చేతుల కింద నానమ్మ పక్కటెముక ఒకటి విరిగింది. ఆ చప్పుడు విన్నాను. అయినా నొక్కాను.

అప్పుడు కాపలావాళ్లు వచ్చారు. వాళ్ల నాయకుడు థావ్ దక్షిణాదినుంచి వచ్చినవాడు. మా మాట వాడికి సరిగా రాదు. వాళ్ల చేతుల్లో ఇనుప పంగలుంటాయి. మనిషి పొడవు కర్ర చివర, నడుము పట్టేంత ఇనుప పంగ. థావ్ డాక్టరమ్మను పక్కకు తోసి, కన్నంలోంచి పంగను ఇవతలికి దూర్చి నాన్న గొంతుకు ఆనించి వెనక్కి నెట్టాడు. నాన్న సమ్మెటతో సహా వెల్లకిలా పడ్డాడు.

"ఇంకో ఇటుక రాలిందంటే మెడ విరిచేస్తా! మీ ఊరివాళ్లకి ఇదో అలవాటైపోయింది!"

"ఇక్కడ మనిషి పోతోందయ్యా, దున్నపోతా!" అని డాక్టరమ్మ వాడి వీపుమీద పిడికిళ్లతో గుద్దింది.

కన్నంలోంచి థావ్ వెనక అన్నయ్య కనిపించాడు. వాడి చేతిలో కూడా పంగ ఉంది. నాన్న పడ్డచోటునుంచే అరిచాడు.

"బావోల్యాంగ్! నానమ్మరా! నానమ్మ!"

అన్నయ్య కదల్లేదు. థావ్ వెనక్కి తిరక్కుండానే "నీ చోటులో నువ్వుండు" అన్నాడు. అన్నయ్య వాడి చోటులో ఉన్నాడు.

డాక్టరమ్మ చివరికి థావ్ చంక కిందనుంచి దూరి కన్నంలోంచి ఇవతలికొచ్చింది. కోటు చిరిగి మోచెయ్యి తెగింది. గోధుమల్లో మోకాళ్లమీద కూర్చుని, నానమ్మ కళ్లలోకి లైటు వేసి చూసి, నా చేతులు పట్టుకుని ఆపింది.

"చాలమ్మా. ఇక వద్దు."

నాన్న లేచి కన్నం దగ్గరికి, అన్నయ్యకు ఎదురుగా వెళ్లాడు. గొంతు నొక్కుకుపోయి మాట బొంగురుగా వచ్చింది.

"నువ్వు ఈ చావుకి తెల్లగుడ్డ కట్టడానికి వీల్లేదు. మా అమ్మకి మనవడు లేడు."

*

ఇంట్లో, దహనం చేయించి తెచ్చిన నానమ్మ బూడిద పెట్టెముందు దీపం వెలుగుతుంటే, వాకిట్లో మూడో బాబాయి మనుషుల్ని పోగుచేశాడు. పెట్టెను పాతిపెట్టడానికి వెళ్లేటప్పుడు పారలు ఎలాగూ తీసుకెళ్తాం, తిరిగొచ్చేటప్పుడు కూడా అవే చేతుల్లో ఉంటాయి అన్నాడు. అందరికీ అర్థమైంది. ఊరి కార్యదర్శి జిన్ చెమటలు తుడుచుకుంటూ నాన్న దగ్గరికి వచ్చాడు.

"అన్నా గెన్‌షీ, నేనో మార్గం చెప్తాను విను. వెళ్లడం నడిచి వెళ్దాం. రావడం బస్సులో వద్దాం. దారి అదే అయినా బస్సు వేరు కదా? అమ్మకి బస్సెక్కడం తెలీదు, వెంటరాలేదు."

"మా అమ్మకి తెలీనిదేంటో నువ్వు చెప్తావా?" అన్నాడు మూడో బాబాయి. "నీ బస్సుని నువ్వే పెట్టుకో, ఎక్కడ పెట్టుకోవాలో కూడా నేనే చెప్పాలా?"

నాన్న పార అంచును రాతిమీద సానపెడుతూ కూర్చున్నాడు.

అన్నయ్య ఇంటికి రాలేదు. కాలనీ కాపలాగదిలోనే పడుకుంటున్నాడని తెలిసి, నేను చుట్టూ తిరిగి వెళ్లి కలిశాను. తెచ్చిన రొట్టె చేతిలో పెడితే తినకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు తూర్పునుంచే వస్తారు," అన్నాను.

"తెలుసు."

"గేటు తియ్యి."

"గేటు తీసే మీట థావ్ జేబులో ఉంటుంది, సుయ్. నేను ఊరివాణ్ణని నాకు ఇవ్వరు."

"నానమ్మకి మాటిచ్చావు."

"ఇచ్చాను," అన్నాడు.

*

పెట్టె లేపేముందు నాన్న మట్టిమూకుడు నెత్తికెత్తి నేలకు కొట్టాడు. ఒక్క దెబ్బకే పగలాలి, పగిలింది. పడమటి దారిన వెళ్లి నానమ్మను మట్టిలో పెట్టాం. తెల్లబట్టల్లోనే మేమంతా పెద్దరోడ్డు చుట్టి కాలనీ తూర్పుగేటుకు వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది.

మేడల కిటికీలకు ఎర్రగుడ్డలు వేలాడుతున్నాయి. మేం తెచ్చే చావు తమ ఇళ్లలోకి రాకుండా తువ్వాళ్లు, దుప్పట్లు, పిల్లల గౌన్లు, ఎర్రవి ఏముంటే అవి కట్టేశారు. పైనుంచి ఒకావిడ అరుస్తోంది. "శవం మనుషుల్ని లోపలికి రానివ్వద్దు! మేం డబ్బు కట్టలేదా? మాకు పసిపిల్లలున్నారు!"

గేటుముందు కాపలావాళ్లు వరసగా నిలబడ్డారు. తలకు ఇనుపటోపీలు, చేతుల్లో పంగలు. వరస చివర అన్నయ్య. మధ్యలో లాఠీతో థావ్. ఇటు మూడో బాబాయి పారను రెండు చేతుల్లోకి మార్చుకున్నాడు. వెనక మగవాళ్లంతా మార్చుకున్నారు. నేను నాన్న చెయ్యి పట్టుకుని ఉన్నాను.

నాన్న నా చెయ్యి విడిపించుకుని రెండడుగులు ముందుకు వేశాడు. పారను కింద పెట్టాడు. అక్కడే మోకరిల్లాడు.

తల్లిని పోగొట్టుకున్న కొడుకు ఎవరి ముందైనా మోకరిల్లుతాడు. గుమ్మంలోకి వచ్చిన పక్కింటి పిల్లవాడి ముందైనా సరే. మా వైపు అది సిగ్గు కాదు. తల్లికోసం ఒక సాయం అడగడం. ఆ మోకరింపు అందుకున్నవాడు వెంటనే వంగి లేపాలి. లేపితే సరేనన్నట్టు.

నాన్న నుదురు తారురోడ్డుకు ఆనించాడు. "మా అమ్మకోసం. ఒక్కసారి దారివ్వండి. చప్పుడు చేయం, ఏదీ ముట్టుకోం."

వెనక పారల కదలిక ఆగిపోయింది. థావ్ నవ్వాడు.

"లేవయ్యా, లే! ఫోన్లలో పెట్టుకోడానికా ఈ నాటకం? ఇవి నా దగ్గర సాగవు."

వాడు లేపలేదు. ఎవరూ లేపలేదు. నాన్న నుదురు వేడి తారుమీదే ఉంది.

వరస చివర అన్నయ్య పంగను నేలమీద పెట్టాడు. మోకాళ్లమీద కూర్చున్నాడు. నాన్న వైపు తిరిగి, టోపీ తీసి పక్కన పెట్టి, తల వంచాడు.

అంతే జరిగింది. నేను నాన్న పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను.

థావ్ చూసింది వేరు. వాడికి కనిపించింది వరసలో పడిన సందు. "లేవరా! లే!" అని అరుస్తూ వెళ్లి టోపీ లేని ఆ తలమీద, ఎడమచెవి పైన, లాఠీతో కొట్టాడు. అన్నయ్య లేవలేదు. థావ్ మళ్లీ కొట్టాడు. చెవిలోంచి రక్తం వచ్చి యూనిఫాం కాలర్‌లోకి కారింది. అన్నయ్య చేతులు అడ్డం పెట్టుకోలేదు, తల ఎత్తలేదు. మూడో దెబ్బకు పక్కకు ఒరిగాడు.

నాన్న తల ఎత్తి చూశాడు. అప్పటిదాకా నాన్న నోట అలాంటి కేక నేను వినలేదు. పార ఎప్పుడు తీశాడో తెలియదు. దాంతో థావ్ లాఠీ చేతిని మణికట్టు దగ్గర కొట్టాడు. ఎముక తెల్లగా బయటికొచ్చింది. ఆ వెంటే మా ఊరు మొత్తం వరసమీద పడింది.

మూడో బాబాయి పొట్టలో పంగ దిగబడి నోటినుంచి నురగ కక్కాడు. ఇనుపటోపీమీద పార పడిన చప్పుడు, పన్ను విరిగిన చప్పుడు, ఆడవాళ్లు తెల్లగుడ్డలు చేతులకు చుట్టుకుని కాపలావాళ్ల టోపీలు లాగేసి జుట్టు పట్టి ఈడ్చడం. మొన్నమొన్నటిదాకా ఒకే బడిలో చదివిన కుర్రాళ్లు ఒకరినొకరు పేరుపెట్టి పిలుస్తూ కొట్టుకున్నారు. "నన్నా కొడతావు, నత్తిగా!" "నీ అమ్మ ఇటే వస్తోంది, పోరా అవతలికి!" పైనుంచి పూలకుండీ పడి ఒకడి భుజం విరిగింది. నేను అన్నయ్యమీద పడుకుని రెండు చేతులతో వాడి తల కప్పాను. నా వీపుమీదుగా ఎవరెవరి కాళ్లో వెళ్లాయి.

గేటు ఎవరు విరిచారో తెలియదు. రక్తం కారుతున్న తెల్లబట్టలతో మావాళ్లు ఆ తోటలోంచి, పూలమొక్కల మధ్యనుంచి నడిచి వెళ్లి, గోడను లోపలివైపునుంచి కూల్చి తూర్పునుంచి ఊళ్లోకి వచ్చారు. నానమ్మ కోరిన దారినే.

నాన్న రాలేదు. అన్నయ్యను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. పోలీసులు ఆయన్ను అక్కడే పట్టుకున్నారు.

*

జొన్నచేలు నడుమెత్తు వచ్చేదాకా వ్యవహారం సాగింది. గోడ మళ్లీ కట్టేశారు. అన్నయ్య ఎడమచెవికి వినికిడి పోయింది. థావ్ చెయ్యి అతకలేదు. నాన్నను వదిలారు కానీ కేసు వదల్లేదు. చివరికి ఊరి కార్యాలయంలో అందర్నీ కూర్చోబెట్టారు. కాలనీ మేనేజరు మెత్తగా మాట్లాడే మనిషి. అందరికీ తనే టీ పోశాడు.

"పాత సంగతులు తవ్వుకుంటే ఎవరికేం లాభం? గోడలో ఒక తలుపు పెడతాం. పొద్దున్నుంచి చీకటిపడేదాకా మీ ఊరివాళ్లు నడవొచ్చు, బళ్లు తోలుకోవచ్చు. గెన్‌షీగారి మీద కేసు కూడా ఉండదు. మాక్కావలసింది ఒక్కటే. మా మనిషి మా మనిషినే కొట్టాడన్న మాట బయట ఉండకూడదు. బావోల్యాంగ్ గేటు దగ్గర జారిపడ్డాడు. తల రాయికి తగిలింది. ఆ మాట వాడి నోటితో పోలీసాయన ముందు చెప్తే చాలు."

గదిలో ఊరంతా ఉంది. ఎవరూ నాన్న ముఖం చూడలేదు. అందరూ ఆ తలుపునే చూస్తున్నారు, అది ఇంకా లేకపోయినా.

"అన్నా గెన్‌షీ," అన్నాడు మూడో బాబాయి నెమ్మదిగా. నిటారుగా కూర్చోవడం ఆయనకి ఇంకా కష్టంగానే ఉంది. "మాటే కదా. మాటకి నొప్పేముంది?"

"వాడు జారిపడలేదు," అన్నాడు నాన్న.

"జారిపడ్డాను," అన్నాడు అన్నయ్య.

పోలీసాయన తల ఎత్తాడు. "సరిగ్గా చెప్పు. పడ్డావా, పడేశారా?"

అన్నయ్య మంచి చెవిని అటు తిప్పి విని, స్పష్టంగా చెప్పాడు. "జారిపడ్డాను. నా తప్పే. నేల తడిగా ఉంది."

ఆ నెలలో చుక్క వాన లేదు. అది గదిలో అందరికీ తెలుసు. మేనేజరు మళ్లీ టీ పోశాడు. బయటికొచ్చాక కార్యదర్శి జిన్ అన్నయ్య భుజం తట్టి "నీ నానమ్మకిచ్చిన మాట నిలబెట్టావురా" అన్నాడు. నాన్న అప్పటికే వెళ్లిపోయాడు.

తలుపు పెట్టారు. ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప తలుపు. మొదటి రోజు పిల్లలు దాన్లోంచి ఇటూ అటూ వందసార్లు పరిగెత్తారు. ముసలివాళ్లు పీటలు తెచ్చుకుని దాని పక్కన కూర్చున్నారు. సంత దగ్గరైంది. బస్సు దగ్గరైంది.

మర్నాడు పొద్దున నాన్న రొట్టెల బుట్టలు మూడు చక్రాల బండిలో సర్దుతుంటే అన్నయ్య వాకిట్లోకి వచ్చాడు. అప్పటిదాకా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

"బండి పడుతుంది నాన్నా ఆ తలుపులో. కొలిచి చూశాను."

నాన్న బుట్టమీద గుడ్డ కప్పాడు. "ఎవడో గేటు దగ్గర జారిపడ్డాడట. వాడికోసం పెట్టిన తలుపట అది."

"నాన్నా."

"నా కొడుకు జారిపడలేదు. నేను మోకరిల్లాను, నన్ను నిలబడి చూడలేక వాడూ మోకరిల్లాడు. నేను చూశాను." గుడ్డ అంచులు బుట్ట కిందికి దోపాడు. "ఊరు వెళ్లనీ. అందులో తప్పేం లేదు. నేను వెళ్లను."

బండిని పడమరకు తిప్పి ఎక్కబోయాడు. అన్నయ్య వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"జరుగు. నేను తొక్కుతా."

"చాలా దూరం. చుట్టూ పోవాలి."

"ఏంటి?"

నాన్న బండి చుట్టూ నడిచి అన్నయ్య కుడిచెవి వైపు వచ్చి నిలబడ్డాడు. "దూరం అంటున్నా."

"తెలుసు, వెనక ఎక్కు," అన్నాడు అన్నయ్య. నాన్న వెనక బుట్టల పక్కన ఎక్కి కూర్చున్నాడు.